చెవి రాసిన మాట

దాలయ్య ప్రాణం ఒక్క మాట వల్ల పోయింది.

బుడతవలసలో అతనికి రెండెకరాల మెట్టపొలం, ఒక కాడి ఎడ్లు, భార్య తవుడమ్మ, ఆరేళ్ల కూతురు అసిరి. ఒకనాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని పుల్లలకి జీడితోటల వైపు వెళ్లాడు. నడిచి నడిచి పిల్ల కాళ్లు నొప్పులని ఏడిస్తే మెట్ట దగ్గర నీడ చూసి కూర్చోబెట్టాడు.

"ఇక్కడే కూకో అమ్మీ, సిటికెలో ఒచ్చేత్తాను" అని లోపలికి పోయాడు.

మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి పిల్ల లేదు. మధ్యాహ్నం దాకా తోటలన్నీ వెతికాడు, ఊళ్లోకి వచ్చి పదిమందిని తీసుకెళ్లి మళ్లీ వెతికాడు. పొద్దు వాలుతుంటే భయమేసి పోలీసు స్టేషనుకి పరుగెత్తాడు.

ఆ రోజుల్లో కనుమసీమలో పోలీసులంటే బయటి జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లే. రైటరు కాగితం ముందు పెట్టుకుని పిల్లని ఎక్కడ ఏం చేశావని అడిగాడు. దాలయ్య వణుకుతూ చెప్పాడు.

"గుంటని మెట్టకాడ ఒగ్గేసినాను బావూ."

ఆ సీమలో గుంటంటే పిల్ల. రైటరు పుట్టిన ఊళ్లో గుంటంటే గొయ్యి. 'మెట్ట దగ్గర గుంటలో వదిలేశాను' అని అతను రాసుకున్నాడు. ఇక ఆ గుంట ఎక్కడో చూపించమని మొదలుపెట్టారు. దాలయ్యకి వాళ్లు అడుగుతున్నదేమిటో అర్థం కాలేదు. రెండు రోజులు మెట్ట చుట్టూ తవ్వించారు. రెండో రోజు సాయంత్రం లాకప్పులో దాలయ్య నోట్లోంచి నురగ వచ్చింది.

మూడోరోజు పొద్దున్న అసిరి ట్రాక్టరు దిగింది. ట్రాక్టరు మీద పోతున్న మేనత్త కనిపిస్తే తనూ ఎక్కేసి, పక్క ఊరి పోలమ్మ సంబరానికి పోయిందా పిల్ల. మేనత్త ఎవరిచేతో కబురంపింది గాని, ఆ మనిషి దారిలో తాగి పడిపోయాడు. చేతిలో ఎర్ర బుడగతో అసిరి వాకిట్లోకి వచ్చేసరికి ఇంటినిండా జనం. తవుడమ్మ కూతుర్ని చూసి ఏడవలేదు, దగ్గరికి తీసుకోలేదు.

"నిన్న ఎందుకు రానేదే?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబుగానే అసిరి చదువుకుంది. మనిషి నోటి మాట అవతలి మనిషి చెవిలో ఎందుకు మారిపోతుందన్నదే ఆమె చదువు. ముప్పయి దాటేసరికి శబ్దశాస్త్రంలో డాక్టరు అయింది, జామివలసలో చిన్న ప్రయోగశాల పెట్టుకుంది. పెళ్లి ఊసు ఎత్తితే తల్లి మీద కేకలేసేది.

ఈలోగా దాలయ్య బొమ్మ జెండాల మీదికి ఎక్కింది. 'మా సీమకు మా పోలీసు' అని ఇరవై ఏళ్లపాటు ఊరూరా ఊరేగింపులు జరిగాయి. బడిపంతులు ఉద్యోగం మానేసి ఆ ఉద్యమాన్ని నడిపినవాడు కూర్మారావు. చివరికి కనుమసీమకి సొంత సభ వచ్చింది. సభ చేసిన మొదటి చట్టం సొంత పోలీసు గురించే. సీమలో పుట్టి పెరిగినవాళ్లే అందులో చేరాలి, సీమ సభకే జవాబు చెప్పాలి. కాగితం మీద పేరు కనుమసీమ రక్షక దళం. జనం మాత్రం మన పోలీసనే అన్నారు.

సభకి అధ్యక్షుడైన కూర్మారావు స్వయంగా ప్రయోగశాలకి వచ్చాడు. మెట్ల మీద ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డాడు.

"మనవాళ్లయితే సరిపోదమ్మా. కొండమీద మాట కిందివాడికి తెలీదు, వలేసే పల్లెకారుల మాట కొండవాడికి తెలీదు. పదకొండు రకాల మాటలున్నాయి మన సీమలో. మళ్లీ ఒక దాలయ్య పోకూడదు. నీ యంత్రం మాకియ్యి."

యంత్రం చూడ్డానికి చొక్కా బొత్తాం అంత. కానిస్టేబులు కాలరుకి తగిలించుకుంటే ఎదుటి మనిషి మాటని పలికింది పలికినట్టు రాస్తుంది, ఆ మాట అర్థాన్ని కానిస్టేబులుకి తెలిసిన మాటలో అతని చెవిలో చెబుతుంది. అసిరి దానికేదో పెద్ద పేరు పెట్టింది గాని అందరూ చెవి అనే పిలిచారు.

"ఇస్తాను. ఒక షరతు" అంది అసిరి. "చెవి ఒకసారి రాసిన మాటని ఎస్సై గానీ, మీరు గానీ, రేపు నేను గానీ మార్చడానికి వీల్లేకుండా చేస్తాను. కొట్టివేతలుండవు, దిద్దుబాట్లుండవు. మా నాన్న మాటని ఒక కలం మార్చింది. ఇక ఏ కలానికీ ఆ అవకాశం ఇవ్వను."

కూర్మారావు లేచి రెండు చేతులూ జోడించాడు.

తొలి జట్టులో రెండువందల పన్నెండు మంది చేరారు. శిక్షణ బుడతవలస మెట్ట మీదే. తవుడమ్మ కాగులతో చోడి అంబలి కాచి, కావిళ్లకెత్తించి, తనే వెంట వెళ్లి గిన్నెల్లో పోసేది. ఆ జట్టులో గురువులు అనే కుర్రాడు ఎప్పుడూ రెండో గిన్నె అడిగేవాడు. "నీ కడుపు సెరువురా బావూ" అని ఆమె నవ్వేది. దాలయ్య పోయాక తవుడమ్మ నవ్వగా అసిరి చూడ్డం అప్పుడే.

జామివలస స్టేషను తెరిచిన రోజున మొదట వచ్చింది కొండ మీది ముసలమ్మ. మూడు మేకలు పోయాయి. గుమ్మంలో నిలబడే చెప్పబోతుంటే గురువులు కుర్చీ తెచ్చి వేశాడు. ముసలమ్మ తన భాషలో గుక్క తిప్పుకోకుండా అరగంట మాట్లాడింది. మేకల రంగులు, వాటి తల్లుల రంగులు, చచ్చిపోయిన మొగుడి గుణాలు, అన్నీ. గురువులు చెవి రాసినదంతా ఆమె మాటలోనే తిరిగి చదివి వినిపించాడు. ముసలమ్మ నోరు తెరుచుకుని విన్నది. తర్వాత లేచి అతని బుగ్గ పట్టుకుని గట్టిగా గిల్లింది.

ఓ మూల నిలబడి చూస్తున్న అసిరి స్టేషను పెరట్లోకి పోయి గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. మేకలు కూడా దొరికాయి.

నాలుగేళ్లు అలా బాగానే గడిచాయి. సీమలో లాకప్పు చావు ఒక్కటీ లేదు. బయటి రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు.

అయిదో ఏడు దక్షిణాన సముద్రం పొలాల మీదికి వచ్చి మళ్లీ వెనక్కి పోలేదు. ఊళ్లకి ఊళ్లు ఉప్పునీళ్ల కింద ఉండిపోయాయి. జనం మూటలతో, గొడ్లతో, పెద్దేటి వంతెన దాటి కనుమసీమలోకి రావడం మొదలుపెట్టారు. మొదట్లో గంజికేంద్రాలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి కూలి రేట్లు పడిపోయాయి, బోర్లు ఎండిపోయాయి, గంజి పోసినవాళ్లే గొణగడం మొదలుపెట్టారు.

సభ వారు అసిరిని పిలిపించారు. పంతొమ్మిది మంది సభ్యులు, మధ్యలో కూర్మారావు.

"సాయం మనవాళ్లకి కొంత, వచ్చినవాళ్లకి కొంత పంచాలమ్మా. ఎవరు ఎవరో తేలడం లేదు. కాగితాలు ఎవరైనా పుట్టిస్తారు. మనిషి ఎక్కడ పెరిగాడో నీ చెవి చెప్పగలదా?"

అసిరికి జవాబు తెలుసు. తీరిక వేళల్లో సరదాకి ఆ పని చేసి చూసింది కూడా. పదేళ్లలోపు నాలుక ఏ ఊరి గాలికి తిరగడం నేర్చుకుందో ఆ గుర్తు చచ్చేదాకా పోదు. మాటలు మార్చుకోవచ్చు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఆగే తీరు మార్చుకోలేరు. చెవి వినేది దాన్నే. దానికి చేతకాదు అని ఉంటే సరిపోయేది. కాని పదిహేనేళ్ల కష్టం, పంతొమ్మిది మంది ముందు.

"ఒక్కొక్కరూ మీ ఇష్టమొచ్చింది నాలుగు మాటలు మాట్లాడండి" అంది.

చెవి వరసగా ఊళ్ల పేర్లు చెప్పుకుంటూ పోయింది. ప్రతి పేరుకీ గదిలో కేరింతలు. ఒక్క ముసలి సభ్యుడి దగ్గర మాత్రం తప్పింది. ఆయనది కొత్తపేట అయితే చెవి గొర్లెవలస అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"తప్పు కాదు" అన్నాడు. "మా అమ్మ పోతే ఎనిమిదేళ్లు వచ్చేదాకా గొర్లెవలసలో అమ్మమ్మ పెంచింది. మా పిల్లలకి కూడా తెలీదు ఆ సంగతి."

గది దద్దరిల్లేటట్టు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం అసిరి తల్లితో ఆ ముచ్చట చెబుతూ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

మొదట సాయం పంచడానికే వాడారు. తర్వాత వంతెన మీద పెట్టారు. ఆపైన సంతల్లో, బస్సుల్లో, బడుల్లో. సీమలో పెరగనివాళ్లని వంతెన అవతలి శిబిరానికి పంపాలని చట్టం వచ్చింది. బయటి కోర్టులు అడ్డుపడితే, రక్షక దళం నిర్ణయాన్ని సీమ దాటి ఎవరూ విచారించకూడదని మరో చట్టం తెచ్చారు. దానికోసం ఊరూరా మళ్లీ దాలయ్య బొమ్మలు పట్టుకుని తిరిగారు. రెండువందల పన్నెండు మంది దళం తొమ్మిది వేలకి పెరిగింది. కొత్తవాళ్లకి మెట్ట మీద అంబలి లేదు. నగరం చివర ఎత్తు గోడల శిక్షణాలయం కట్టారు. అక్కడ వాళ్లకి వినడం నేర్పలేదు. వినడానికి చెవి ఉందిగా.

మాట్లాడ్డమంటే జనానికి భయం పట్టుకుంది. దక్షిణాన్నుంచి వచ్చినవాళ్లు పశువుల పాకల్లో కూర్చుని 'లేదు'ని 'నేదు' అనడం, 'ఒకసారి'ని 'ఓపాలి' అనడం చేసేవారు. పట్నంలో చదువుకొచ్చిన సీమ పిల్లలు ఇంటి మాట మళ్లీ వల్లె వేసేవారు. టీవీ తెర మీద బొమ్మలు మాట్లాడినట్టు మాట్లాడితే తల్లులు పిల్లల మూతి మీద కొట్టేవారు. జామివలస సంతలో ఒకప్పుడు చెవులు చిల్లులు పడే గోల. ఇప్పుడు వంకాయ ఎత్తి చూపిస్తే వేళ్లతో ధర చెబుతున్నారు.

చెవి నూటికి మూడుసార్లు పొరపడుతుంది. ఆ సంగతి అసిరికి మొదటినుంచీ తెలుసు. ఎవరి ఊరో పోల్చుకుని మురిసిపోయే ఆటలో నూటికి మూడు ఏమంత లెక్క? వంతెన దాటించినవాళ్లు పదకొండు వేలు దాటారని విన్నరోజు కాగితం మీద వేసుకుని చూస్తే మూడువందల ముప్పయి మంది తేలారు. సభకి ఉత్తరం రాసింది. జవాబు లేదు. ఇంకోటి రాసింది. మూడోదానికి కూర్మారావు కబురు పెట్టాడు.

"సొంత పోలీసు కావాలని అడిగింది మనమే కదమ్మా" అన్నాడాయన మెల్లగా. "సొంతమన్నాక దాని తప్పులు కూడా సొంతమే. బయటివాడి ముందు ఒప్పుకుంటే మిగిలింది కూడా పోతుంది."

ఆమె ప్రయోగశాలకి తిరిగి వచ్చి, చెవి పొరపాటు తగ్గించే పనిలో పడింది. అది తగ్గితే అన్నీ సర్దుకుంటాయని తనకి తాను చెప్పుకుంది.

ఆ చలికాలం ఒక ఉదయం తవుడమ్మ పొయ్యి దగ్గర పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. ఆసుపత్రిలో పదహారు రోజులు. చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. మాట రావడానికి ఇంకో నెల పట్టింది.

వచ్చిన మాట తవుడమ్మది కాదు.

"నాకు... దాహంగా ఉన్నది" అంది మొదటిరోజు, ప్రతి అక్షరాన్నీ సాగదీస్తూ. అరవయ్యారేళ్లుగా 'దప్పికేత్తంది' అన్న మనిషి. ఊపిరి ఆగే చోట ఆగడం లేదు, ఆగకూడనిచోట ఆగుతోంది. ఎవరైనా వింటే దక్షిణాది డెల్టా మనిషనే అనుకుంటారు.

"అరుదుగా అవుతుందమ్మా" అన్నాడు డాక్టరు. "మాట నడకని పట్టి ఉంచే చోట దెబ్బ తగిలింది. ఆవిడ ఏ యాసా నేర్చుకోలేదు. మన చెవికి అలా వినిపిస్తోందంతే. ఇక ఇంతే ఉండొచ్చు."

ఇరుగుపొరుగులు మొదట నవ్వుకున్నారు. తర్వాత ఆ ఇంటివైపు రావడం తగ్గించారు. అసిరి తల్లికి పక్కన కూర్చుని నేర్పబోయింది.

"నేదు అనమ్మా. నే... దు."

"లే... దూ" అంది తవుడమ్మ. రెండు మూడుసార్లు ప్రయత్నించి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను బాగానే... అంటున్నాను కదే. నీకు ఎందుకు వినపడడం లేదు?"

ఆమెకి తన మాట పాతమాటలాగే వినిపిస్తోంది. ఆ తర్వాత అసిరి నేర్పడం మానేసి, గడప దాటవద్దని, ఎవరితోనూ మాట్లాడవద్దని మాత్రం చెప్పింది.

పాలకొచ్చే మనిషితో మాట లేదు, ఎదురింటి కోడలితో మాట లేదు. మూడు నెలలు తవుడమ్మ ఓర్చుకుంది. ఒక మంగళవారం అసిరి ప్రయోగశాలకి వెళ్లాక ఎండునెత్తళ్లు తినాలనిపించి, కర్ర పట్టుకుని సంతకి నడిచింది. ధర వేలితో చూపిస్తే సరిపోయేది. ఆమె నోరు తెరిచి బేరమాడింది. అక్కడ నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్లూ కొత్తవాళ్లు, పక్క మండలం పిల్లలు. దాలయ్యని బొమ్మలో చూశారు గాని అతని భార్యని ఎరగరు. "నేను తవుడమ్మని నాయనా, దాలయ్య భార్యని" అని ఆమె ఎంత చెబితే చెవి అంత గట్టిగా బయటి మనిషి అని రాసింది. దాలయ్య పేరు చెప్పుకునే దొంగలు వాళ్లకి రోజుకి ఇద్దరైనా తగులుతారు. మధ్యాహ్నం రెండింటి బస్సులో వంతెన దాటించేశారు.

అసిరి వంతెన చేరేసరికి మర్నాడు పొద్దున్న పది. అక్కడి అధికారి గురువులు. మీసం గుబురైంది, భుజాల మీద నక్షత్రాలు వచ్చాయి. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. అక్కని పిలిచినట్టు ఆమెని అప్పా అనే పిలిచేవాడు. ఎందుకొచ్చిందో అతనికి అప్పటికే తెలుసు.

"గురువులూ, మా అమ్మ ఎవరో నీకు తెలీదేటి?"

"తెలీకపోడమేటప్పా? ఆ సేతి అంబలి తాగి పెరిగినోణ్ణి. నిన్న బస్సు దిగతంటే సూసినాను. సిబిరంలో నా గదిలోనే తొంగోబెట్టినాను, దుప్పటిచ్చినాను."

"మరైతే పంపించేయి."

"అప్పా..."

"చెవి తప్పు రాసిందని రాయి. సంతకం నువ్వు పెట్టు, పక్కన నేను పెడతాను."

గురువులు బల్ల మీద, చెవి రాతలు కనబడే పలకని ఆమెవైపు తిప్పాడు. తవుడమ్మ పేరు, ఆమె పలికిన ప్రతి మాటా, కింద ఎర్ర గీత.

"రాయడానికి సోటుంచినావా అప్పా, నువ్వు?" అన్నాడు. "నానెన్ని పాల్లు సూసినానో. ఓ గర్బినీ మనిసికి ఇలగే అయిపోనాది, నాకు ఎరికున్న మనిసే. దిద్దనివ్వదు. ఎవుల్నీ దిద్దనివ్వదు. మల్లీ మాటాడించినా మల్లీ అదే రాత్తాది. మాటాడకపోతే మాటివ్వనోళ్లని రాత్తాది. అదీ అవతలికే."

అసిరి పలక ముందు కూర్చుని తన తాళాలు తనే విప్పబోయింది. నలభై చోట్ల నలభై నకళ్లు, ఒకటి మారితే మిగతావి ఒప్పుకోవు. చాలా శ్రద్ధగా చేసిన పని. ఎక్కడా సందు లేదు. మధ్యాహ్నం దాకా ఆమె అక్కడే కూర్చుంది.

సభ రెండు రోజుల తర్వాత సమావేశమైంది. ఈసారి తలుపులు వేసుకుని. అసిరి తల్లి సంగతి చెప్పింది, నూటికి ముగ్గురి సంగతి చెప్పింది, తాళాలు తీసేలా చట్టం మార్చమని అడిగింది. తీస్తే పదకొండు వేల మంది మాటా మళ్లీ వినాలి. అంతమందిని వినడానికి మనుషులెక్కడున్నారని ఒకాయన అడిగాడు. చప్పట్లు కొట్టిన ముసలి సభ్యులు కొందరు నేలచూపులు చూశారు.

కూర్మారావు ఆమెని పక్కగదిలోకి తీసుకెళ్లాడు. బాగా ముసలివాడయ్యాడు.

"దాలయ్య భార్య శిబిరంలో ఉందని బయటికి పొక్కితే దళం నిలబడదమ్మా. ఇరవై ఏళ్లు తిరిగి తెచ్చుకున్నది. కూలిపోతే మళ్లీ బయటి పోలీసే వస్తాడు. నీకు కావలసిందీ అది కాదు."

రెండు కాగితాలు ముందు పెట్టాడు. మొదటిది కొత్త నియమం. జబ్బు వల్ల మాట మారినవాళ్లకి, వైద్యుడి పత్రం ఉంటే, సీమలో ఉండడానికి అతిథి చీటీ ఇస్తారు. చెవి రాసింది అలాగే ఉంటుంది. ఆరు నెలలకోసారి చీటీ కొత్తది చేయించుకోవాలి. రెండోది అసిరి ఇవ్వాల్సిన పత్రం. జబ్బు మనుషుల విషయంలో తప్ప చెవి ఎక్కడా పొరపడలేదని, చేసినదాన్నిగా ధ్రువపరుస్తున్నానని.

"ఇది అబద్ధం" అంది అసిరి.

"అవును" అన్నాడు కూర్మారావు. "మీ అమ్మ నిజం."

కిటికీలోంచి దళం కవాతు చప్పుడు వినిపిస్తోంది. తొమ్మిది వేల మందిలో ఏదో ఒక జట్టు. ఆమె కాగితాన్ని మూడుసార్లు చదివింది. శిబిరంలో విరేచనాలు పట్టుకున్నాయని, ముసలివాళ్లు ముగ్గురు పోయారని పొద్దున్న గురువులు చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోతే ఇంకో కాగితం తెప్పించి మళ్లీ పెట్టించారు.

మర్నాడు మధ్యాహ్నం శిబిరానికి వెళ్లింది. వంతెన అవతల ఇసుకలో, కంచె లోపల, రేకుల షెడ్లు వరసగా. తవుడమ్మ గురువులు గదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. అయిదు రోజుల్లో సగమైపోయింది.

"అమ్మా, ఇంటికి పోదాం. చీటీ ఇచ్చారు."

తవుడమ్మ తల ఊపింది. నోరు తెరవలేదు. ఇక్కడికి వచ్చిన రెండోరోజు నుంచి ఒక్క మాట లేదని, గంజి కావాలన్నా సైగే చేస్తోందని గురువులు చెప్పాడు. అసిరి ఎంత పలకరించినా ఆమె చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, కూతురిని కూడా మాట్లాడవద్దన్నట్టు చూసింది.

వ్యాను గేటు దగ్గరుంది. అక్కడికి షెడ్ల మధ్యనుంచే దారి. తల్లి భుజం కింద చెయ్యివేసి అసిరి నడిపిస్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ కేకలెయ్యలేదు. ఒక మనిషి బయటికి పోతోందంటే ఎలా పోతోందో తెలుసుకోవాలని చూస్తున్నారంతే. ముందు గురువులు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు.

చివరి షెడ్డు దగ్గర ఒక ఆడమనిషి కంచె పట్టుకుని నిలబడి ఉంది. ముప్పయ్యేళ్లుంటాయి. చంకలో బిడ్డ. అసిరి దగ్గరికి రాగానే చెయ్యి చాచింది.

"అమ్మా, సెవి సేసినోరు నువ్వేనంట గదా. నా మాట కూడా ఓపాలి ఇనవా తల్లీ? నాది జామివలస పడమటేపు. మా అయ్య గొర్రిలు కాసీవోడు. మనువిచ్చి దచ్చినానికి పంపేసినారు. పన్నెండేళ్లు ఆల్ల మాటే ఆడినాను. సెవి నా మాట ఇని నాది కాదందమ్మా."

అసిరి విన్నది. 'ఓపాలి' అన్నచోట ఆ మనిషి ఊపిరి ఆగి విరిగిన తీరు, 'గొర్రిలు' అన్నప్పుడు నాలుక వెనక్కి పోయిన తీరు. పెద్దేటికి సీమ వైపున అయిదారు ఊళ్లలో తప్ప ఇంకెక్కడా వినపడదది. పాకల్లో కూర్చుని వల్లె వేస్తే వచ్చేది కాదు. పై పన్నెండేళ్ల పూత చూసి యంత్రం మోసపోయింది. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. గురువులు నడక ఆపి ఆమెవైపే చూస్తున్నాడు. వెనక కానిస్టేబుళ్ల కాలర్ల మీద రెండు చెవులున్నాయి. ఇక్కడ ఆమె ఏమన్నా అది అన్నది అన్నట్టు రాసుకుంటాయి. నిన్న పెట్టిన సంతకం సభలో ఉంది, అతిథి చీటీ గురువులు జేబులో ఉంది.

"మాటాడవేటమ్మా?" అంది ఆ మనిషి. "నీకు తెలిసిపోనాది. నీ మొకం సూత్తే తెల్లంగా ఉంది."

తవుడమ్మ ఆగిపోయింది. ఆ మనిషిని, ఆ బిడ్డని చూసి, కూతురి ముఖంలోకి చూసింది. అసిరి ఆమె చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. తవుడమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది. కర్ర ఆనించుకుంటూ, ఒక్కతే, మెల్లగా వ్యాను దాకా నడిచి వెనక సీట్లో కూర్చుంది.

అసిరి ఎక్కి తలుపు వేసుకుంది. కంచె దగ్గర ఆ మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉంది. వాళ్ల అయ్య పేరు చెబుతోంది, ఊరి బావి పేరు చెబుతోంది, చిన్నప్పటి గొర్రెల పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది.

అసిరి కిటికీ అద్దం పైకి ఎత్తేసింది.